బ్రాడ్‌ఫోర్డ్ కుర్రాళ్లు బ్రిటన్ చార్టుల్లో రెండో స్థానం దాకా ఎలా వెళ్లారు? ఆ బేస్‌లైన్ శబ్దం ఎలా కడతారు?

నడిరాత్రి_లయ అడిగిన ప్రశ్న:

బ్యాడ్ బాయ్ చిల్లర్ క్రూ గురించి వివరంగా తెలిసినవాళ్లు చెప్పండి. ఇంగ్లండ్ ఉత్తరాన వెస్ట్ యార్క్‌షైర్‌లోని బ్రాడ్‌ఫోర్డ్‌కు చెందిన ముగ్గురు ఎంసీల (మైకు పట్టి రాప్ చెప్పేవాళ్ల) గుంపు ఇది. వాళ్లది 'బేస్‌లైన్' అనే క్లబ్ సంగీతం. 2022 ఫిబ్రవరిలో వచ్చిన వాళ్ల ఆల్బమ్ 'డిస్‌రెస్పెక్ట్‌ఫుల్' బ్రిటన్ ఆల్బమ్ చార్టులో 2వ స్థానంలో దిగింది. 2023 బ్రిట్ అవార్డుల్లో ఉత్తమ గ్రూప్ విభాగంలో ఆర్కిటిక్ మంకీస్, ది 1975, వెట్ లెగ్, నోవా ట్విన్స్ పక్కన వీళ్ల పేరూ ఉంది. లండన్ వాళ్లు కాదు; అక్కడి రాప్ శైలులైన గ్రైమ్ కాదు, డ్రిల్ అసలే కాదు. యాస కూడా మార్చుకోలేదు.

ఎక్కడ చదివినా "సోషల్ మీడియాలో అల్లరి వీడియోలు పెట్టి పేరు తెచ్చుకున్నారు" అన్న ఒక్క ముక్కతో సరిపెడుతున్నారు. వీడియోలు లక్షమంది పెడతారు కదా. నాకు కావలసినవి నాలుగు. ఈ సంగీతం వాళ్లకంటే ముందు ఎక్కడ ఉండేది? ఆ బొంగురు ఆర్గన్ బేస్‌ను ఏ ముక్కలతో, ఏ కొలతలతో కడతారు? నిమిషానికి 140 దెబ్బల వేగంలో ముగ్గురు మాట్లాడుతున్నా మాట ఎలా తెలుస్తుంది? చార్టులో 2 అంటే లెక్క ప్రకారం ఏమిటి? వీలైనంత అంకెలతో చెప్తే మేలు.

---

పాత_క్యాసెట్ జవాబు:

మొదటి ప్రశ్న నేను తీసుకుంటాను. వీళ్ల కథను బ్రాడ్‌ఫోర్డ్‌లో కాకుండా షెఫీల్డ్‌లో మొదలుపెట్టాలి.

షెఫీల్డ్‌లో 'నిష్' అనే క్లబ్ 1992లో తెరిచారు. తెల్లారేదాకా నడిచేది. 90ల చివర్లో లండన్‌లో స్పీడ్ గరాజ్ (బేస్ జోరుగా ఉండే క్లబ్ నాట్య సంగీతం) ఊపు తగ్గి, అక్కడి గరాజ్ టూ-స్టెప్ వైపు మళ్లింది. టూ-స్టెప్ అంటే ప్రతి దెబ్బకీ కిక్ (పెద్ద డ్రమ్ మోత) పడదు, మధ్యలో ఖాళీలు వదులుతారు. ఉత్తరాది డీజేలు ఆ మలుపు తీసుకోలేదు. నాలుగు దెబ్బల కిక్కు అలాగే ఉంచి, వేగం కొంచెం పెంచి, బేస్‌ను ఇంకా వంకరగా, ఇంకా ముందుకు తెచ్చారు. జనం దాన్ని చాలాకాలం క్లబ్ పేరుతోనే పిలిచారు: "నిష్ మ్యూజిక్". 2005లో పోలీసు దాడి తర్వాత ఆ క్లబ్ మూతపడింది. పేరు మీద మచ్చ పడటంతో 'బేస్‌లైన్' అన్న పేరు స్థిరపడింది. జేమీ డగ్గన్ లాంటి డీజేలు ఆ క్లబ్ నుంచి వచ్చినవాళ్లే.

క్లబ్ పోయింది గాని శబ్దం పోలేదు. లీడ్స్, హడర్స్‌ఫీల్డ్, బ్రాడ్‌ఫోర్డ్, నాటింగ్‌హామ్, బర్మింగ్‌హామ్ అంతటా సీడీ కట్టలుగా, ఫోన్ నుంచి ఫోన్‌కు, ముఖ్యంగా కార్లలో బతికింది. 2007 చివర్లో లీడ్స్ నిర్మాత టీ2 చేసిన 'హార్ట్‌బ్రోకెన్', జోడీ ఐషా గొంతుతో, సింగిల్స్ చార్టులో 2వ స్థానానికి వెళ్లింది. 2008 మొదట్లో హెచ్ టూ ఓ, ప్లాట్నమ్ కలిసి చేసిన పాటా 2దాకా వెళ్లింది. హడర్స్‌ఫీల్డ్ డీజే క్యూ బీబీసీ 1ఎక్స్‌ట్రా రేడియోలో ఏళ్ల తరబడి కార్యక్రమం నడిపాడు. ఆ తర్వాత లండన్ పత్రికలు ఇటు చూడటం మానేశాయి. "బేస్‌లైన్ అయిపోయింది" అన్నారు. అయిపోయింది అక్కడి వాళ్ల దృష్టిలోనే.

కాబట్టి 2018 తర్వాత బ్రాడ్‌ఫోర్డ్ కుర్రాళ్లు పైకి వచ్చేసరికి, వాళ్ల ఊళ్లలో పాతికేళ్లవాడికి ఇది బడి రోజుల్లో బస్సు వెనక సీట్లో విన్న సంగీతం. కొత్త శైలిని అలవాటు చేయాల్సిన పని లేదు. కొత్త గుంపు దేనికైనా అతిపెద్ద ఖర్చు అదే: వినేవాడి చెవికి శబ్దాన్ని అలవాటు చేయడం. ఆ ఖర్చు పదిహేనేళ్లుగా వేరేవాళ్లు పెట్టి ఉంచారు.

వీడియోల విషయం. వాటిని నేను కొట్టిపారేయను. కానీ వీడియో చేసిన పని ముఖాల్ని గుర్తుంచుకునేలా చేయడం. బేస్‌లైన్‌కు అంతకుముందు లేనిది అదే. పాత హిట్లు అన్నీ నిర్మాత పేరు మీద, అద్దె గాయని గొంతు మీద నడిచాయి. పాట తెలుసు, మనిషి తెలియదు. టికెట్ కొని ఎవర్ని చూడటానికి వెళ్లాలి? ఈ ముగ్గురు ఆ ఖాళీని పూడ్చారు. 2020లో 'ఫుల్ వ్యాక్ నో బ్రేక్స్', 2021లో 'చార్వా ఆంథమ్స్', 2022లో ఆల్బమ్, 2023లో ఇంకొకటి 'ఇన్‌ఫ్లుయెన్షల్'. ఏటా ఒకటి, ఆగకుండా. మధ్యలో 2021లో ఒక సింగిల్ టాప్ 40లోకి ఎక్కింది. సోనీ కింద ఉన్న రిలెంట్‌లెస్ లేబుల్ తోడైంది.

'చార్వా' అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ట్రాక్‌సూట్ వేసుకు తిరిగే పేద కుటుంబాల కుర్రాళ్లను ఉత్తర ఇంగ్లండ్‌లో తక్కువ చేసి పిలిచే మాట అది. దాన్నే తీసి రికార్డు అట్ట మీద వేసుకోవడం అంటే, ఎవరి కోసం పాడుతున్నామో మొదటి రోజే చెప్పేయడం. బ్రాడ్‌ఫోర్డ్ ఉన్ని మిల్లులతో పెరిగి, ఆ మిల్లులు మూతపడ్డాక చాలా నష్టపోయిన ఊరు. ఇంత పెద్ద ఊరికి (2021 జనగణనలో ఆ జిల్లా జనాభా దాదాపు 5,46,000) దేశమంతా పాడుకునే రాప్ గొంతు అంతవరకు లేదు.

---

సబ్‌వూఫర్_43 జవాబు:

శబ్దం ఎలా కడతారో చెప్తాను. ఇది ఆ గుంపు ఫలానా ట్రాక్‌కు నకలు కాదు, ఈ శైలిలో అందరూ వాడే కట్టుబడి.

ముందు వేగం. బేస్‌లైన్ 135 నుంచి 142 మధ్య నడుస్తుంది. 140 పెట్టుకుంటే లెక్కలు ఇలా వస్తాయి: ఒక దెబ్బ 428.6 మిల్లీసెకన్లు, అర దెబ్బ 214, బార్‌లో పదహారో వంతు 107, నాలుగు దెబ్బల బార్ (ఒక ఆవృతం) 1.71 సెకన్లు. ఈ నాలుగు అంకెలు కాగితం మీద రాసి పెట్టుకోండి, కింద చెప్పేవన్నీ వీటి మీదే ఆధారపడతాయి.

కిక్ నాలుగు దెబ్బల మీదా పడాలి. 2, 4 మీద క్లాప్. అర దెబ్బల మీద ఓపెన్ హై-హ్యాట్. వాటి మధ్య పదహారో వంతుల్లో మెత్తటి షేకర్, దానికి 54 నుంచి 58 శాతం స్వింగ్ (జంటలో రెండో దెబ్బను కాస్త వెనక్కి జరపడం). స్వింగ్ లేకుండా పెడితే ఇది హార్డ్ హౌస్ అయిపోతుంది, గరాజ్ వాసన పోతుంది. 56 శాతం అంటే రెండో పదహారో వంతు 107 దగ్గర కాకుండా 120 దగ్గర పడుతుంది. తేడా 13 మిల్లీసెకన్లే. చెవి దాన్ని ఆలస్యంగా వినదు, కాలు మాత్రం పసిగడుతుంది. 60 దాటిస్తే కుంటుతున్నట్టు ఉంటుంది, ఎంసీకి మాట పెట్టే చోటు దొరకదు.

ఇప్పుడు అసలు వస్తువు: బేస్. చాలామంది పడే పొరపాటు దాన్ని ఒకే సౌండ్ అనుకోవడం. మూడు పొరలు ఉంటాయి.

అడుగున శుద్ధమైన సైన్ అల, మోనో. ఎఫ్ మైనర్‌లో కడితే ఎఫ్ స్వరం 43.65 హెర్ట్జ్. 110 హెర్ట్జ్ పైన దీన్ని కోసేయాలి.

దాని మీద ఆర్గన్. 1988లో వచ్చిన కోర్గ్ ఎమ్1 కీబోర్డులో 'ఆర్గన్ 2' అనే శబ్దం ఉంది, హౌస్ సంగీతం నుంచి ఇటు వచ్చింది. ఎమ్1 లేకపోయినా ఫర్వాలేదు. ఏ సింథ్‌లో అయినా మూడు సైన్ అలలు తీసుకోండి: మూల స్వరం, దానికి రెండింతలు (6 డెసిబెల్ తక్కువగా), మూడింతలు (12 డెసిబెల్ తక్కువగా). అటాక్ (శబ్దం పైకి లేచే సమయం) 0 నుంచి 2 మిల్లీసెకన్లు, డికే (తగ్గే సమయం) 250 నుంచి 350, సస్టెయిన్ (నిలిచే స్థాయి) 20 శాతంలోపు, రిలీజ్ (మీట వదిలాక ఆరే సమయం) 50 చుట్టూ. అటాక్‌ను 10కి పెంచి చూడండి: తలుపు తట్టినట్టుండే ఆ "టక్" మాయమైపోతుంది. ఆ టక్కే ఈ శైలికి సంతకం.

మూడో పొర వంకర బేస్. సా లేదా స్క్వేర్ అల, 24 డెసిబెల్ లో-పాస్ ఫిల్టర్ (పై ధ్వనుల్ని కోసేది), రెజొనెన్స్ (కోత అంచున ఇచ్చే ఉబ్బు) 30 శాతం దాకా. ఫిల్టర్‌ను 200 హెర్ట్జ్ నుంచి 1,200 దాకా ఎల్‌ఎఫ్‌వోతో (నెమ్మదిగా ఊగే అలతో) ఊపాలి, వేగం బార్‌లో ఎనిమిదో వంతు లేదా దాని ట్రిప్లెట్ (రెండు పట్టే చోట మూడు). స్వరం నుంచి స్వరానికి జారడానికి పోర్టమెంటో 40 నుంచి 80 మిల్లీసెకన్లు. ఈ పొరను పాటంతా మోగించకండి. నాలుగు బార్లలో మూడు ఆర్గన్‌కు వదిలి, నాలుగో బార్‌లో మాత్రం వంకర బేస్ జవాబు చెప్పాలి. ప్రశ్న, జవాబు. అంతా వంకరే అయితే రెండో నిమిషానికి చెవి మొద్దుబారుతుంది.

ఎక్కడ పాడవుతుంది అంటే, మొదటి చోటు కిక్ తోక. బేస్ స్వరాలు ఎక్కువగా అర దెబ్బ మీద, అంటే కిక్ పడిన 214 మిల్లీసెకన్లకు మొదలవుతాయి. రోలాండ్ 909 డ్రమ్ యంత్రం తరహా కిక్‌లు కొన్ని 300 దాకా మోగుతూనే ఉంటాయి. రెండూ ఒకే చోట, 45 నుంచి 60 హెర్ట్జ్ మధ్య కొట్టుకుని ఒకదాన్ని ఒకటి మింగేస్తాయి. ఫలితం: మీటర్ ఎర్రగా ఉంటుంది, ఛాతీకి దెబ్బ తగలదు. కిక్ తోకను 180 దగ్గర కోయండి. సైడ్‌చెయిన్ (కిక్ పడినప్పుడల్లా బేస్‌ను దించే ఏర్పాటు) పెట్టండి, రిలీజ్ 100 నుంచి 140 మధ్య ఉంచండి. 200 దాటితే బేస్ ఎప్పటికీ పూర్తిగా పైకి లేవదు.

రెండో చోటు ఫోన్ స్పీకర్. అది 300 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు. మీ 43.65 సైన్ అల అక్కడ శూన్యం. అదే బేస్‌కు కొంచెం శాచురేషన్ (తేలికపాటి గరుకు) ఇస్తే 87, 131, 175 అలా పైకి ఉపస్వరాలు పుడతాయి. ఎనిమిదోది 349 దగ్గర ఉంటుంది, ఫోన్ దాన్ని పలుకుతుంది. పైవి విని, లేని మూల స్వరాన్ని మెదడు తనే పూరించుకుంటుంది. ఈ సంగీతం కారులోనూ, ఫోన్‌లోనూ రెండు చోట్లా నెగ్గడానికి ఆర్గన్ పొరే కారణం అని నా గట్టి అభిప్రాయం. అదే డబ్‌స్టెప్‌లోని లోతు బేస్ ఫోన్‌లో వింటే డ్రమ్స్ మాత్రమే మిగులుతాయి.

మూడోది మాస్టరింగ్. క్లబ్ కోసం మైనస్ 8 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సగటు గట్టిదనానికి కొలత) దగ్గరకు నొక్కుతారు. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో మైనస్ 14కు దించుతుంది. మరీ నొక్కినది అక్కడ చదునుగా, చిన్నగా వినిపిస్తుంది. ట్రూ పీక్ (శబ్దం తాకే అత్యధిక స్థాయి) మైనస్ 1 దగ్గర ఆపండి, కిక్‌కు కాస్త ఊపిరి వదలండి.

---

నడిరాత్రి_లయ:

చాలా స్పష్టంగా ఉంది సబ్‌వూఫర్ గారూ. పల్లవిలో ఆడగొంతు సన్నగా, కొంచెం చిన్నపిల్ల గొంతులా ఉంటుంది కదా. అది పిచ్ మార్చడమేనా, లేక అలాంటి గొంతులే వెతుకుతారా?

---

సబ్‌వూఫర్_43:

చాలాసార్లు వేగం మార్చడం. ఇది టర్న్‌టేబుల్ రోజుల నుంచి వచ్చిన అలవాటు. రికార్డును వేగంగా తిప్పితే స్వరమూ పైకి పోతుంది. 125 వేగంలో పాడించిన గొంతును అలా 140కి తెస్తే నిష్పత్తి 1.12, స్వరం దాదాపు 2 సెమీటోన్లు (పియానోలో రెండు పక్క మీటలంత) పెరుగుతుంది. 130 నుంచి తెస్తే 1.28 సెమీటోన్లే. 2 దగ్గర గొంతు తేలికై, ఆత్రంగా వినిపిస్తుంది. 4 దాటితే ఉడుత గొంతు.

కొత్తవాళ్లు చేసే తప్పు: సాఫ్ట్‌వేర్‌లో టైమ్‌స్ట్రెచ్ పెట్టి స్వరాన్ని అలాగే ఉంచడం. అప్పుడు హల్లుల దగ్గర చిన్న చిన్న తుంపులు వినిపిస్తాయి, ఆ ఆత్రమూ రాదు. రీ-పిచ్ మోడ్ పెట్టండి. ఒక జాగ్రత్త: 1.28 లాంటి సగంలో ఆగిన సంఖ్య వస్తే గొంతు బేస్‌తో శ్రుతి కలవదు. గొంతును పూర్ణ సెమీటోన్‌కు సర్దాలి, లేదా మొత్తం బేస్‌ను ఆ 28 సెంట్లు (సెమీటోన్‌లో వందో వంతులు) జరపాలి. మొదటిదే సులువు.

---

ఆవర్తం జవాబు:

మూడో ప్రశ్న, ఎంసీల మాట. దీని గురించి ఎవరూ సరిగ్గా రాయరు కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

గ్రైమ్ కూడా 140. రెండూ గరాజ్ పిల్లలే. అయితే గ్రైమ్ బీట్‌లో ఖాళీ ఎక్కువ, ఎంసీ ఆ ఖాళీలో దూకుతాడు. బేస్‌లైన్‌లో ప్రతి 428 మిల్లీసెకన్లకూ ఒక కిక్, దాని మధ్యలో ఒక బేస్ స్వరం. ఖాళీ లేదు. అందుకే ఇక్కడ ఎంసీ బీట్‌తో పోట్లాడకుండా దాని మీద ఎక్కి స్వారీ చేస్తాడు. బార్‌కు 16 చోట్లుంటే 10 నుంచి 12 అక్షరాలు పెట్టి, చివరి 3 లేదా 4 చోట్లు ఖాళీ వదులుతాడు. అంటే 320 నుంచి 430 మిల్లీసెకన్లు. ఊపిరి అక్కడే పీల్చాలి. 16కు 16 నింపితే నాలుగో బార్‌కు దమ్ము అయిపోయి, ఐదో బార్ మొదటి మాట మింగేస్తాడు. వేదిక మీద సగం మంది దెబ్బతినేది అక్కడే.

ముగ్గురున్న లాభం ఈ చోటే తెలుస్తుంది. ఒకడి పాదం చివర ఖాళీలో ఇంకొకడు ఒక్క మాట అందిస్తాడు. మొదటివాడు ఊపిరి తీసుకుంటాడు, వినేవాడికి ఖాళీ తెలియదు. రికార్డింగ్‌లో ఈ అందింపు మాటల్ని 30 శాతం కుడికీ ఎడమకీ జరిపి, ముఖ్య గొంతు కంటే 5, 6 డెసిబెల్ తగ్గించి పెడతారు. నడిమధ్యలో పెడితే ఎవరు పాడుతున్నారో తెలియని గోల అవుతుంది.

యాస సంగతి. వెస్ట్ యార్క్‌షైర్ ఇంగ్లీషులో మూడు లక్షణాలు రాప్‌కు నేరుగా పనికొస్తాయి. ఒకటి, 'కట్' (cut), 'పుట్' (put) అన్న మాటల్లో అచ్చు ఒక్కటే. లండన్‌లో రెండూ వేరు, అంత్యప్రాస కుదరదు; ఇక్కడ కుదురుతుంది. అంటే వీళ్ల ప్రాసల నిఘంటువే పెద్దది. రెండు, 'ది' అన్న చిన్న మాటను గొంతులో చిన్న నొక్కుగా మింగేస్తారు, పాదంలో ఒక అక్షరం మిగులుతుంది. 140 వేగంలో ఒక అక్షరం అంటే 107 మిల్లీసెకన్ల ఆస్తి. మూడు, 'ఫేస్', 'గోట్' అన్న మాటల్లో అచ్చు జారదు. లండన్‌లో అది 'ఫెయిస్', 'గౌట్' అన్నట్టు రెండు ముక్కలుగా నడుస్తుంది. వీళ్లది అచ్చంగా మన ఏ, ఓ లాంటిది, నిలకడగా ఉంటుంది. బార్ చివర ఆ అచ్చును సాగదీస్తే దానంతట అదే స్వరమైపోతుంది, పాడినట్టు వినిపిస్తుంది. ఈ గుంపు పాదాలు సగం రాప్, సగం కేకల పాటలా ఉండటానికి కారణం ఇదే.

అందుకే "యాస మార్చుకోకుండా ఎలా నెగ్గారు" అన్న ప్రశ్నకు నా జవాబు: మార్చుకుని ఉంటే ప్రాసలు విరిగిపోయేవి.

రికార్డింగ్ కొలతలు: గొంతు కింద 90 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర హై-పాస్. మగ గొంతు ఛాతీ బలం, ఆర్గన్ రెండో ఉపస్వరం రెండూ 100 నుంచి 250 మధ్యే ఉంటాయి కాబట్టి గొంతు వచ్చినప్పుడు మాత్రం ఆర్గన్‌ను అక్కడ 2, 3 డెసిబెల్ దించే డైనమిక్ ఈక్యూ (అవసరమైనప్పుడే పనిచేసే ధ్వని సర్దుబాటు) పెట్టాలి. శాశ్వతంగా దించేస్తే గొంతు లేని చోట బేస్ పలచబడుతుంది.

వేదిక మీద ఇంకో పెద్ద తప్పు. మైకు తలను అరచేత్తో మూసి పట్టుకోవడం. చూడటానికి బాగుంటుంది. కానీ ఎస్‌ఎమ్58 లాంటి మైకు వెనక రంధ్రాల ద్వారా లోపలికి వచ్చే గాలితోనే వెనక శబ్దాన్ని రద్దు చేస్తుంది. అవి మూస్తే మైకు అన్ని వైపుల నుంచీ వింటుంది, ముందున్న మానిటర్ శబ్దం అందుకుని కీచుమంటుంది, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. ముగ్గురు మూస్తే సౌండ్ ఇంజనీర్ చేయగలిగేది మూడు ఫేడర్లూ దించడమే. పిడి పట్టుకోండి, పెదవికి 3 నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో. పాడని ఇద్దరూ మైకు తల మానిటర్ వైపు తిరగకుండా పట్టుకోవాలి, లేదంటే మూడు మైకులూ ఒకే శబ్దాన్ని మూడు వేళల్లో పట్టి ధ్వని బురద చేస్తాయి.

---

పద్దు_పుస్తకం జవాబు:

చార్టు లెక్క నేను చెప్తాను. బ్రిటన్ అధికారిక చార్టు శుక్రవారం మొదలై గురువారంతో ముగుస్తుంది. సింగిల్స్‌లో డబ్బు కట్టి వినేవారి 100 స్ట్రీములు (ఆన్‌లైన్‌లో ఒకసారి వింటే ఒక స్ట్రీము) ఒక అమ్మకంతో సమానం, ప్రకటనలతో ఉచితంగా వినేవారివి 600. ఆల్బమ్‌లో అవే 1,000, 6,000. సీడీ లేదా ఎల్‌పీ కొంటే నేరుగా ఒకటి.

ఇంకో నియమం ఉంది, చాలామంది పట్టించుకోరు. ఆల్బమ్‌లో ఎక్కువ విన్న 16 పాటల్నే లెక్కిస్తారు, వాటిలో మొదటి రెండు పాటల స్ట్రీముల్ని మిగతావాటి సగటు స్థాయికి దించేస్తారు. అంటే ఒక్క పెద్ద హిట్ ఉన్నంత మాత్రాన ఆల్బమ్ పైకి పోదు. పాటలన్నీ వరసగా వినే అభిమానులుండాలి, లేదా ముందే వస్తువు కొనేవాళ్లుండాలి. ఆల్బమ్ చార్టులో 2 అంటే "దేశమంతా ఒక పాట విన్నది" అని కాదు, "ఒక వారంలో ఈ గుంపును మొత్తంగా కోరుకున్నవాళ్లు ఇంతమంది ఉన్నారు" అని. పాత_క్యాసెట్ గారు చెప్పిన ముఖాలు గుర్తుండే సంగతి ఇక్కడ డబ్బుగా మారుతుంది.

సింగిల్స్‌లో మరో మెలిక: పాట చార్టులో 10 వారాలు దాటి, వరసగా 3 వారాలు తగ్గితే, దాని స్ట్రీముల విలువ సగమవుతుంది (200కు ఒకటి, 1,200కు ఒకటి). ఊరి నుంచి ఊరికి నెమ్మదిగా పాకే ప్రాంతీయ పాటలకు ఈ నియమం తగులుతుంది. లండన్ రేడియో చెవినపడే లోపు పాట సగం బరువు కోల్పోవచ్చు. అందుకే ఏటా ఒక పెద్ద రికార్డు, మధ్యలో వరస సింగిల్స్ అన్న పద్ధతి ఇలాంటి గుంపులకు పనిచేస్తుంది.

పాట పొడవు కూడా లెక్కే. 140లో 8 బార్ల ఉపోద్ఘాతం, 16 బార్ల పల్లవి మూడుసార్లు, 16 బార్ల చరణాలు రెండు: మొత్తం 88 బార్లు, 2 నిమిషాల 31 సెకన్లు. మూడో ఎంసీకి చరణం కలిపితే 104 బార్లు, 2 నిమిషాల 58. మూడు నిమిషాలలోపు ముగ్గురికీ చోటు. డీజేల కోసం ముందూ వెనకా 32 బార్లు డ్రమ్స్‌తో వేరే కూర్పు ఇవ్వాలి. అది వేరే రికార్డింగ్ కాబట్టి దానికి వేరే ఐఎస్‌ఆర్‌సీ (ఒక్కో రికార్డింగ్‌కు ఇచ్చే 12 అక్షరాల గుర్తు) తీసుకోవాలి. రెండింటికీ ఒకటే పెడితే ఏ కూర్పు రేడియోలో మోగిందో తేలక చెల్లింపులు చిక్కుపడతాయి.

హక్కుల దగ్గర తప్పకుండా చెప్పాల్సింది. ఈ శైలి పాత పల్లవుల మీద బతుకుతుంది. అసలు రికార్డింగ్ ముక్క వాడితే రెండు అనుమతులు కావాలి: రికార్డింగ్ సొంతదారుది, రచన సొంతదారుది. గాయనితో మళ్లీ పాడిస్తే రచన అనుమతి ఒక్కటి చాలు. "కొన్ని సెకన్లయితే ఫర్వాలేదు" అన్న నియమం ఎక్కడా లేదు. క్లబ్బులో తిరిగినన్నాళ్లు ఎవరూ అడగరు. చార్టులోకి వచ్చిన మరుసటి రోజే ఉత్తరం వస్తుంది, అప్పుడు రచనలో సింహభాగం అడిగినా కాదనే బలం ఉండదు. విడుదలకు ముందే రాయించుకోవాలి.

స్టూడియోలోంచి బయటికి రాకముందే, ఆ రాత్రే, ఎవరికి ఎంత వాటా అన్నది కాగితం మీద పెట్టాలి. ముగ్గురు ఎంసీలు, నిర్మాత, పల్లవి రాసినవారు: అయిదుగురు. మొత్తం 100 కావాలి. 105 నమోదైతే వివాదం తేలేదాకా ఆ డబ్బు నిలిచిపోయే ప్రమాదం ఉంది. హక్కుల డబ్బు వసూలు చేసి పంచే సంస్థలు రాసినవారికి పీఆర్‌ఎస్, రికార్డింగ్‌లో పాడినవారికి పీపీఎల్, ఈ రెండూ వేర్వేరు. ఒకదాంట్లో చేరి రెండో దాన్ని మరిచిపోయే ఎంసీలు చాలామంది.

---

పాత_క్యాసెట్:

పద్దు_పుస్తకం గారు చెప్పినదానికి ఒక చేర్పు. ఇదే ఉత్తరాది నుంచి బోల్టన్ గుంపు బ్లాక్‌ఔట్ క్రూ 2000ల చివర్లో 'డాంక్' శైలితో వచ్చింది. అక్కడా కుర్రాళ్లే, యాసే, వీడియోలే. ఒక పాట దేశమంతా తెలిసింది. ఆల్బమ్ స్థాయిలో ఈ ఎత్తుకు మాత్రం రాలేదు. తేడా ఎక్కడంటే, డాంక్‌లో ఆ గొట్టం మీద కొట్టినట్టుండే శబ్దం ప్రతి అర దెబ్బ మీదా ఒకేలా మోగుతుంది. దాంతో పదో పాట మొదటి పాటలాగే వినిపిస్తుంది. బేస్‌లైన్‌లో ఆర్గన్, వంకర బేస్, వేగం పెంచిన ఆడగొంతు, ఇలా మార్చుకోవడానికి మూడు మెట్లున్నాయి. 16 పాటలు వరసగా వినిపించగల శైలి, వినిపించలేని శైలి అన్న తేడా ఆ ఆల్బమ్ లెక్కలో తేలిపోతుంది.

---

నడిరాత్రి_లయ:

అందరికీ ధన్యవాదాలు. ఆర్గన్ అటాక్ 0కి, 10కి మార్చి పక్కపక్కన విన్నాక మిగతా వివరణ అంతా చెవికి అందింది. ఆవర్తం గారూ, ఒకటే మిగిలింది: ముగ్గురూ వైర్‌లెస్ మైకులు వాడితే బ్రిటన్‌లో ఫ్రీక్వెన్సీలకు అనుమతి కావాలా?

---

ఆవర్తం:

863 నుంచి 865 మెగాహెర్ట్జ్ (ఛానల్ 70) లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు. మూడు మైకులు దాంట్లో సరిపోతాయి, అయితే సమాన దూరాల్లో పెట్టకండి. 863.5, 864, 864.5 అని పెడితే మొదటి రెండింటి కలయిక సరిగ్గా మూడోదాని మీద పడుతుంది (864 రెండింతల్లోంచి 863.5 తీసేయండి, 864.5 వస్తుంది). తయారీదారు ఇచ్చిన గ్రూప్ పట్టికలోవే ఎంచుకోండి. అదే వేదిక మీద ఇంకో రెండు గుంపులుంటే ఛానల్ 38కి, అంటే 606.5 నుంచి 613.5 మధ్యకు వెళ్లాలి, దానికి ఆఫ్‌కామ్ (బ్రిటన్ ప్రసార నియంత్రణ సంస్థ) లైసెన్స్ తీసుకోవాలి. కొనేముందు మైకు ఏ బ్యాండుదో డబ్బా మీద చూసుకోండి. ఛానల్ 70 సెట్టు ఛానల్ 38కి మారదు.